గాయపడిన జట్టు, కొత్త చేతులు

మదనపల్లె కళాశాల మైదానంలో గాని, పుంగనూరు పాఠశాల ఆవరణలో గాని, కుప్పంలో రైలుకట్ట పక్కనున్న ఖాళీ జాగాలో గాని ఆదివారంనాడు టెన్నిసు బంతితో క్రికెట్టు సాగుతూ ఉండగా, బంతి వేసేవాని కాలు మడతపడితే ఏమి జరుగుతుంది? అతనిని చెట్టు నీడన కూర్చోబెడతారు. గట్టు మీద కూర్చుండి ఆట చూస్తూ ఉన్న కుర్రవానిని ఒకనిని పిలిచి బంతి చేతికిస్తారు. వాడు ఆడేవారిలో ఎవరికో తమ్ముడై ఉంటాడు. అవతలి జట్టువారు కొంచెం గొణిగి ఊరుకుంటారు. ఆట మాత్రం ఆగదు.

టెస్టు మ్యాచిలో ఈ వెసులుబాటు లేదు. 2020లో మన జట్టు ఆస్ట్రేలియాకు వెళ్ళిననాటి నియమం ప్రకారం, పేర్కొన్న పదకొండు మందిలో ఒకడు గాయపడితే అతని బదులు మరొకడు వచ్చి ఫీల్డింగు చేయవచ్చును. అంపైర్ల అనుమతితో వికెట్టు కీపింగు కూడా చేయవచ్చును. బంతి వేయరాదు, బాటు పట్టరాదు. తలకు దెబ్బ తగిలి స్పృహలో తేడా వచ్చినప్పుడు మాత్రమే పూర్తి ప్రత్యామ్నాయం 2019 నుండి అనుమతించినారు. కాబట్టి మ్యాచి నడుమ ఒక బౌలరు కుంటుపడితే అతని ఓవర్లు మిగిలినవారు పంచుకొనవలసిందే. ఈ పంపకమే ఆ పర్యటనలో కథనంతా నడిపినది.

ఆ సంగతులను వరుసగా మనవి చేస్తాను. 2020 డిసెంబరు 17న అడిలైడ్‌లో మొదటి టెస్టు ప్రారంభమైనది. మొదటి ఇన్నింగ్సులో మనవారు 244 పరుగులు చేసి, ప్రత్యర్థులను 191కి ఆపినారు. రెండవ ఇన్నింగ్సులో మాత్రం 36 పరుగులకే జట్టంతా కుప్పకూలినది. కమిన్స్ వేసిన బంతి తగిలి మహమ్మద్ షమీ ముంజేతి ఎముక విరిగినది. ప్రసవ సమయంలో భార్య చెంత ఉండుటకు కెప్టెన్ కోహ్లీ స్వదేశానికి మరలినాడు. ఇషాంత్ శర్మ గాయం వలన అసలు పర్యటనకే రాలేదు. మెల్‌బోర్న్‌లో రెండవ టెస్టును రహానే నాయకత్వాన మనవారు 8 వికెట్ల తేడాతో గెలిచినారు గాని, ఆ మ్యాచిలోనే ఉమేష్ యాదవ్ పిక్క పట్టి మైదానం వీడినాడు. సాధనలో కె.ఎల్. రాహుల్ మణికట్టు బెణికినది. సిడ్నీలో పంత్ మోచేతికి దెబ్బ తగిలినది, జడేజా బొటనవేలు కీలు తప్పినది, బుమ్రాకు పొత్తికడుపు కండరం పట్టినది, అశ్విన్‌కు నడుము వంగకుండా పోయినది.

ఇన్ని గాయాలు ఒక్కసారి ఎందుకు? దురదృష్టమని తేల్చి వేయుట సులభం. నిజానికి ఇందులో రెండు తెగలున్నవి. షమీ చేయి, పంత్ మోచేయి, జడేజా వేలు బంతి తగిలి దెబ్బ తిన్నవి. వీటిని దురదృష్టమనవచ్చును. ఉమేష్ పిక్క, బుమ్రా పొత్తికడుపు అట్టివి కావు. వేగంగా పరుగెత్తి వచ్చిన బౌలరు ముందు కాలు నేల మీద మోపిన క్షణాన శరీరపు బరువుకు అనేక రెట్ల ఒత్తిడి ఆ కాలి మీద, నడుము మీద పడుతుంది. ప్రతి బంతికీ ఇదే. శరీరం ఈ భారానికి క్రమంగా అలవాటు పడుతుంది. అకస్మాత్తుగా పెంచితే తిరగబడుతుంది. 2020 మార్చి నుండి కరోనా కారణంగా నెలల తరబడి ఆట లేదు. సెప్టెంబరు 19 నుండి నవంబరు 10 వరకు అరబ్ దేశంలో ఐ.పి.ఎల్. జరిగినది, అందులో ఒక బౌలరు మ్యాచికి వేసేది నాలుగు ఓవర్లు. ఆ తరువాత టెస్టు మ్యాచి. ఇక్కడ ఒక్కరోజులోనే పదిహేను, ఇరవై ఓవర్లు వేయవలసి రావచ్చును. కొంతకాలం కాడి దించిన ఎద్దును మొదటి రోజుననే పొద్దుగూకేదాకా దున్నించితే ఏమవుతుందో మన రైతులకు చెప్పనవసరం లేదు.

ఒకరు పడితే ఆ భారం మరొకరిని పడవేస్తుంది. సిడ్నీ రెండవ ఇన్నింగ్సులో జడేజా బంతి పట్టలేని స్థితిలో ఉన్నందున నలుగురే బౌలర్లు మిగిలినారు. బుమ్రా ఆ మ్యాచిలో నలభై ఆరు ఓవర్లకు పైగా వేసినాడు. ఆ తరువాతి మ్యాచికి అతను లేడు.

సిడ్నీ చివరి రోజును గురించి కొంచెం నిదానంగా చెప్పవలసి ఉన్నది. 2021 జనవరి 11. మనకింకా ధనుర్మాసం ముగియలేదు. మదనపల్లె కొండల మీద మంచు విడవని వేళకే అక్కడ ఆట మొదలైనది. గెలుపునకు 407 పరుగులు కావాలి. పంత్ 97, పుజారా 77 చేసి వెనుదిరిగిన తరువాత మిగిలినది డ్రా ఆశ ఒక్కటే. క్రీజులో ఉన్నది కాకినాడలో పుట్టి ఆంధ్ర జట్టుకు ఆడిన హనుమ విహారి. తొందరగా ఒక్క పరుగు తీయబోయి తొడ వెనుక కండరం చినిగినది. ఆ పైన అతనికి పరుగు లేదు, నడక కూడా కష్టమే. అవతల అశ్విన్ నడుము నొప్పితో వంగలేకుండా ఉన్నాడు. లోపల జడేజా, అవసరమైతే విరిగిన వేలితోనే వద్దామని పాడ్లు కట్టుకొని కూర్చున్నాడు. వీరిద్దరూ నలభై రెండు ఓవర్లకు పైగా నిలిచినారు. విహారి 161 బంతులకు 23 పరుగులు, అశ్విన్ 128 బంతులకు 39, ఇద్దరూ అజేయులు. స్కోరు 5 వికెట్లకు 334. అంకెలు మాత్రమే చూచేవారికి 161 బంతులకు 23 పరుగులు జిడ్డు ఆటగా తోచవచ్చును. నా మటుకు నేను ఆ సిరీస్‌లోని శతకాల కంటె దానినే పైన పెడతాను.

ఆ ఇన్నింగ్సు టెస్టును కాపాడినది. విహారిని మాత్రం తరువాతి టెస్టుకు దూరం చేసినది.

ఇప్పుడు కొత్తవారి సంగతి. మామూలు రోజులలో అయితే స్వదేశం నుండి అనుభవజ్ఞులను పిలిపించేవారు. అమెరికావారి బేస్‌బాల్‌లో ఇది నిత్యకృత్యం. అక్కడ ప్రధాన జట్టుకు 26 మంది. గాయపడినవానిని వేరే జాబితాలో చేర్చి, అనుబంధంగా ఉండే చిన్న శ్రేణి జట్టు నుండి ఒక కుర్రవానిని ఒక్క ఫోనుతో రప్పించి మరునాడే ఆడిస్తారు. ఆస్ట్రేలియాలో ఆనాడు విమానం దిగినవారికి పద్నాలుగు రోజుల నిర్బంధవాసం. పిలిపించినవాడు గది బయటకు వచ్చేసరికి సిరీస్ ముగిసిపోతుంది. కనుక దగ్గర ఎవరున్నారో వారే దిక్కు.

మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో టమోటా నాటే రైతు నారుమడిని చివరి మొక్కదాకా ఊడ్చివేయడు. నాటిన కొన్నాళ్ళకు కొన్ని మొక్కలు చచ్చిపోతాయని అతనికి తెలుసు. ఆ సందులలో పెట్టడానికి అదే మడిలోని నారు కొంత మిగిల్చి ఉంచుతాడు. ఆలస్యంగా వేరేచోట నుండి తెచ్చిన నారు పాతవాటితో సమానంగా ఎదగదు. మన జట్టువారు తెలిసో, తెలియకో ఈ పనే చేసినారు. సాధన సమయంలో బాట్స్‌మన్లకు బంతులు వేయుటకని కొందరు యువకులను అట్టే పెట్టుకొన్నారు. వారిలో ఇద్దరు నటరాజన్, వాషింగ్టన్ సుందర్.

నటరాజన్ మనకు పొరుగువాడే. కుప్పం నుండి దక్షిణంగా కృష్ణగిరి, ధర్మపురి దాటితే సేలం జిల్లా. అందులో చిన్నప్పంపట్టి అతని ఊరు. చాలాకాలం టెన్నిసు బంతితోనే ఆడినవాడు. సాధన బౌలరుగా వెళ్ళి, డిసెంబరు 2న ఒకరోజు మ్యాచిలో, 4న ఇరవై ఓవర్ల మ్యాచిలో, జనవరి 15న టెస్టులో మొదటిసారి ఆడినాడు. ఒకే పర్యటనలో మూడింటా అడుగు పెట్టిన మొదటి భారతీయుడు అతనే.

ఆ జనవరి 15 మనకు కనుమ. బ్రిస్బేన్‌లో దిగిన మన అయిదుగురు బౌలర్ల లెక్క చూడండి: సిరాజ్‌కు రెండు టెస్టులు, సైనీకి ఒకటి, శార్దూల్ ఠాకూర్‌కు ఒకటి, మిగిలిన ఇద్దరికీ ఏమీ లేదు. అందరికీ కలిపి 11 వికెట్లు. శార్దూల్ ఆడిన ఆ ఒక్క టెస్టు 2018లో మన హైదరాబాదులోనే. అందులో పది బంతులు వేసి గజ్జలలో కండరం పట్టి వెళ్ళిపోయినాడు. అవతలివైపు నలుగురు బౌలర్లకు వెయ్యికి పైగా వికెట్లున్నవి. 1988 తరువాత ఆస్ట్రేలియా ఆ మైదానంలో టెస్టు ఓడి ఎరుగదు. చాలదన్నట్లు మొదటి రోజుననే సైనీ ఎనిమిదవ ఓవరులో కుంటుపడినాడు. మిగిలిన ఒక్క బంతిని రోహిత్ శర్మ వేసినాడు. మళ్ళీ నలుగురే.

అయినా ఆస్ట్రేలియా 369కి ముగిసినది. నటరాజన్, శార్దూల్, సుందర్ తలా మూడు వికెట్లు తీసినారు. మన వంతులో 186కు ఆరుగురు పోయిన తరువాత, బౌలర్లుగా వచ్చిన సుందర్, శార్దూల్ కలిసి 123 పరుగులు జోడించినారు. రెండవ ఇన్నింగ్సులో 73 పరుగులకు 5 వికెట్లు సిరాజ్‌వి. చివరిరోజున గిల్ 91 చేసినాడు. పుజారా ఒంటి నిండా బంతులు తగిలించుకొంటూ 211 బంతులు నిలిచినాడు. పంత్ 89తో అజేయుడు. 328 లక్ష్యాన్ని మూడు వికెట్లు మిగిలి ఉండగా అందుకొన్నారు. సిరీస్ 2–1. నాలుగు టెస్టులకు మొత్తం ఇరవై మందిని ఆడించవలసి వచ్చినది.

దీనిని అద్భుతమన్నవారున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. సిరాజ్ హైదరాబాదులో ఆటో నడిపే ఇంటి బిడ్డ. 2016–17 రంజీ పోటీలలో హైదరాబాదుకు 41 వికెట్లు తీసినాడు. అప్పుడు ఆ జట్టుకు శిక్షకుడు విజయవాడలో పుట్టిన భరత్ అరుణ్. ఆస్ట్రేలియాలో భారత బౌలర్లను తీర్చిదిద్దినది కూడా ఆయనే. 2018 సెప్టెంబరులో, కుప్పంవారు రైలెక్కి పోయివచ్చే బెంగళూరులోనే, ఆస్ట్రేలియా ‘ఎ’ జట్టుపై సిరాజ్ 59 పరుగులకు 8 వికెట్లు పడగొట్టినాడు. 2019లో ట్రినిడాడ్‌లో ‘ఎ’ జట్టు తరఫున గిల్ 204 చేసినప్పుడు అవతల శతకంతో నిలిచినది విహారి. వీరు టెస్టులకు కొత్తవారే గాని ఆటకు కొత్తవారు కారు. సుందర్ ఒక్కడే దీనికి అపవాదం. 2017 తరువాత అతను దీర్ఘకాలపు మ్యాచి ఆడలేదు.

సిరాజ్ తండ్రి 2020 నవంబరు 20న మరణించినప్పుడు కుమారుడు సిడ్నీలో నిర్బంధవాసంలో ఉన్నాడు. వెళ్ళవచ్చునని బోర్డువారు చెప్పినా అక్కడే ఉండి, 13 వికెట్లతో మన బౌలర్లలో మొదటివాడైనాడు. జనవరి 21న హైదరాబాదులో దిగి విమానాశ్రయం నుండి నేరుగా తండ్రి సమాధి వద్దకు వెళ్ళినాడు.

కొత్తవారిపై పెట్టిన భారానికి వెల లేకపోలేదు. 2021 ఏప్రిల్‌లో నటరాజన్ మోకాలికి శస్త్రచికిత్స జరిగినది. ఆ తరువాతి సంవత్సరాలలో భారత టెస్టు జట్టులో అతనికి చోటు దొరకలేదు. ఇక విహారి. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్. ఆంధ్రకు అతడే నాయకుడు. ఆవేశ్ ఖాన్ బంతి తగిలి ఎడమ మణికట్టు విరిగినది. కుడిచేతివాటం బాట్స్‌మన్ విరిగిన చేతిని కాపాడుకొనుటకు ఎడమవైపుకు తిరిగి, దాదాపు ఒంటిచేత్తో ఆడినాడు. మొదటి ఇన్నింగ్సులో 27, రెండవదానిలో 15. ఆ రెండవ ఇన్నింగ్సులో ఆంధ్ర మొత్తం 93 పరుగులకు ముగిసినది. మధ్యప్రదేశ్ 5 వికెట్ల తేడాతో గెలిచినది.