కమ్మని కాఫీకి యంత్రం అక్కర్లేదు

* స్టీలు ఫిల్టరు, తాజా పొడి ఉంటే చాలు
* పొట్లంపై చికోరీ శాతం చూసి కొనడం మేలు
* కొలత తప్పితేనే చేదు, నీళ్ళదనం

పాడేరు: మన్యం కొండల్లో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి దేశ విదేశాల్లో మంచి పేరుంది. అరకు కాఫీ విక్రయశాల 2017లో పారిస్ నగరంలో వెలిసింది. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 సదస్సుకు వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లోనూ ఈ కాఫీ చోటు చేసుకుంది. ఇంతటి పంట చేతికి అందే దూరంలో ఉన్నా, మన ఇళ్ళలో ఉదయం కాఫీ రుచి మాత్రం అంతంతమాత్రమే. ఒకనాడు చేదు, మరొకనాడు నీళ్ళదనం. హోటల్లో తాగిన రుచి ఇంట్లో రాదేమని గృహిణులు అనుకోవడం, ఖరీదైన యంత్రం కొంటే తప్ప లాభం లేదని భావించడం పరిపాటి అయింది.

వాస్తవానికి కాఫీ రుచిని నిర్ణయించేవి నాలుగే: పొడి తాజాదనం, మర పట్టిన తీరు, నీటి కొలత, నీటి వేడి. ఈ నాలుగూ సరిపోతే దశాబ్దాలుగా మన వంటిళ్ళలో ఉన్న స్టీలు ఫిల్టరే చాలు. ఇవి సరిపోనప్పుడు వేల రూపాయల యంత్రమైనా చేయగలిగింది స్వల్పమే.

కొండపై గింజ, కప్పులో కాఫీ

తూర్పు కనుమల్లోని ఏజెన్సీ ప్రాంతంలో కాఫీ సాగుకు 19వ శతాబ్దపు చివరి నాళ్ళలో బీజం పడింది. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకులోయ, చింతపల్లి, జి.మాడుగుల తదితర మండలాల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకొని మిరియాల తీగలు కనిపిస్తాయి. ఎక్కువ భాగం అరబికా రకమే. నవంబరు మొదలుకొని పండ్లు ఎర్రబారగానే కోత మొదలవుతుంది. కోసిన పండ్ల తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి, ఎండబెట్టిన తరువాతే అది వేయించడానికి పనికివచ్చే గింజ అవుతుంది. పండిన వాటినే ఏరి కోయడం, శుభ్రంగా ఆరబెట్టడం రైతు చేతిలోని పని. దానిపైనే సగం రుచి ఆధారపడి ఉంటుంది. మిగిలిన సగం వేయించే వారి చేతిలో, కాచే వారి చేతిలో ఉంటుంది. రైతు ఎంత శ్రద్ధగా పండించినా, ఇంట్లో పొడి డబ్బా మూత తెరచి ఉంచితే ఆ శ్రమ వృథాయే.

అరబికాలో సువాసన, సున్నితమైన పులుపు ఎక్కువ. కెఫీన్ తక్కువ. రోబస్టా రకంలో కెఫీన్ సుమారు రెట్టింపు ఉంటుంది. చేదు, చిక్కదనం కూడా అధికం. కొందరు వ్యాపారులు పాలలో డికాషన్ తేలిపోకుండా ఉండేందుకు అరబికాలో కొంత రోబస్టా కలుపుతారు. ఇది కల్తీ కాదు, రుచిని బట్టి చేసే మేళవింపు. దుకాణంలో వినిపించే 'ప్లాంటేషన్ ఎ' అనేది కడిగి తయారు చేసిన అరబికాలో ఒక శ్రేణి. 'పీబెర్రీ' అంటే పండులో రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రంగా ఏర్పడినది.

పొట్లం వెనుక చదవాలి

ఇంటి కాఫీలో తేడా రావడానికి చాలామంది గమనించని కారణం చికోరీ. ఇది ఒక మొక్క వేరు. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో అధికంగా సాగవుతుంది. ఆ వేరును ఎండబెట్టి, వేయించి, పొడి చేసి కాఫీలో కలుపుతారు. దీనిలో కెఫీన్ ఉండదు. డికాషన్‌కు నల్లని రంగు, చిక్కదనం, కాస్త తీపితో కూడిన చేదు వస్తాయి. ఆ రుచికి అలవాటు పడిన వారికి చికోరీ లేనిదే కాఫీ తాగినట్లుండదు. అందులో తప్పేమీ లేదు.

అయితే కొనుగోలుదారు తెలిసి కొనాలి. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. రెండింటి శాతాలను పొట్లంపై ముద్రించడం తప్పనిసరి. అంటే 500 గ్రాముల పొట్లంలో 245 గ్రాముల వరకు చికోరీ ఉన్నా అది చట్టబద్ధమే. 80:20 అని ఉంటే చికోరీ 100 గ్రాములు, 60:40 అని ఉంటే 200 గ్రాములు. రెండు పొట్లాల ధరలను పోల్చేటప్పుడు ఈ లెక్క చూడాలి. తక్కువ ధరకు వచ్చిందనుకున్న పొట్లంలో నిజంగా ఉన్న కాఫీని లెక్కిస్తే ఎక్కువ ధర పడిన సందర్భాలూ ఉంటాయి.

విడిగా అమ్మే పొడిలో చికోరీ ఉన్నదీ లేనిదీ ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గాజు గ్లాసు నిండా చల్లని నీరు పోసి, పైన చిటికెడు పొడి చల్లాలి. కాఫీ పొడి కొంతసేపు నీటిపై తేలుతుంది. చికోరీ కొద్ది క్షణాల్లోనే మునుగుతూ వెనుక గోధుమరంగు చారలు విడుస్తుంది.

ఏ పద్ధతి సులువు?

ఇంట్లో కాఫీ చేసుకునే మార్గాలు నేడు అనేకం. వాటి గుణదోషాలు క్లుప్తంగా ఇవీ.

ఇన్‌స్టంట్ పొడి: కర్మాగారంలో కాచిన డికాషన్ నుంచి నీటిని తొలగించి దీనిని తయారు చేస్తారు. గుంటూరు జిల్లా దుగ్గిరాల సమీపంలోని కర్మాగారం నుంచి ఈ రకం కాఫీ పలు దేశాలకు ఎగుమతవుతోంది. వేడి పాలలో కలిపితే చాలు కనుక దీనంత సులువు మరొకటి లేదు. కాని తయారీలో సువాసన కొంత పోతుంది. వీటిలోనూ చికోరీ కలిపినవి ఉన్నాయి.

గుడ్డ వడపోత: ఏ పరికరమూ లేని ఇంటికి ఇది ఉత్తమం. గ్లాసు నీటిని మరిగించి దించి, రెండు మూడు చెంచాల పొడి వేసి కలిపి, మూతపెట్టి నాలుగు నిమిషాలు ఉంచాలి. తరువాత పలుచని నూలు గుడ్డలో వడకట్టాలి. పొడిని నీటితో పాటు పొయ్యిపై మరిగించరాదు. గుడ్డను గట్టిగా పిండరాదు. రెండింటివల్లా చేదు దిగుతుంది. గుడ్డను సబ్బు వాసన లేకుండా ఉతికి ఆరబెట్టాలి.

ఫ్రెంచ్ ప్రెస్: గాజు పాత్రలో పొడి, వేడినీరు పోసి నాలుగు నిమిషాల తరువాత జల్లెడను కిందికి నొక్కే సాధనం. పాలు లేని కాఫీ తాగేవారికి అనువైనది. బొంబాయి రవ్వలా గరుకుగా మర పట్టిన పొడి కావాలి. మెత్తని పొడి వేస్తే మడ్డి కప్పులోకి దిగుతుంది.

ఎస్‌ప్రెస్సో యంత్రం: వాతావరణ పీడనానికి సుమారు తొమ్మిది రెట్ల ఒత్తిడితో నీటిని పొడిగుండా పంపుతుంది. ధర, విద్యుత్తు, శుభ్రపరచడం అన్నీ భారమే. రోజుకు నాలుగు కప్పులు చేసుకునే ఇంటికి అవసరం లేదు.

స్టీలు ఫిల్టరు: విద్యుత్తు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, చెడిపోయే భాగాలు లేవు. పాలతో కాఫీ తాగే మన అలవాటుకు కావలసిన చిక్కని డికాషన్ ఇదే ఇస్తుంది. పొడి, నీరు వేసి వదిలేస్తే ఇతర పనులు చూసుకోవచ్చు. మన ఇళ్ళకు ఇదే అన్నివిధాలా తగినది.

ఫిల్టరులో డికాషన్ ఇలా

ఇద్దరికి సరిపడే కాఫీకి 20 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల నీరు కావాలి. పొడి తన బరువుకు సుమారు రెట్టింపు నీటిని పీల్చుకుంటుంది. కాబట్టి కిందికి దిగేది దాదాపు 80 మిల్లీలీటర్ల డికాషన్. ఒక్కొక్కరికి 40 మిల్లీలీటర్ల డికాషన్‌కు 100 మిల్లీలీటర్ల పాలు సరిపోతాయి. చెంచాలు ఇంటింటికీ వేరు. అందువల్ల ఒక్కసారి కిరాణా దుకాణంలో 20 గ్రాములు తూయించి, ఇంటి చెంచాతో ఎన్ని అవుతాయో చూసుకుంటే ఆ తరువాత తూచే పని ఉండదు.

పై గిన్నె పొడిగా ఉండాలి. పొడి వేసి, గిన్నెను నెమ్మదిగా తట్టి సమం చేసి, కాడ ఉన్న బిళ్ళను పైన పెట్టాలి. బలంగా అదిమితే నీరు దిగదు. అసలు అదమకుంటే నీరు ఒకే పక్కనుంచి జారిపోయి డికాషన్ పలచబడుతుంది. మరిగిన నీటిని దించి అర నిమిషం ఆగితే వేడి 90 నుంచి 96 డిగ్రీల మధ్యకు వస్తుంది. ముందుగా రెండు చెంచాల నీరు చిలకరించి, పొడి తడిసి ఉబ్బేవరకు అర నిమిషం ఆగాలి. తాజాగా వేయించిన పొడి అయితే లోపలి వాయువు బయటకు వస్తూ బుడగలు కనిపిస్తాయి. ఆ తరువాత మిగిలిన నీటిని వలయాకారంగా పోసి మూతపెట్టాలి. పదిహేను నిమిషాల్లో డికాషన్ దిగుతుంది.

నీరు ఐదు నిమిషాల్లోనే దిగిపోతే పొడి గరుకుగా ఉన్నట్టు. అరగంటయినా దిగకుంటే మరీ మెత్తగా ఉన్నట్టు, లేదా రంధ్రాలు మూసుకుపోయినట్టు. సన్నని రవ్వకు, గోధుమపిండికి మధ్యరకంగా ఉన్న పొడి ఫిల్టరుకు తగినది. గింజలు మర పట్టించేటప్పుడు 'ఫిల్టరు కాఫీకి' అని చెప్పడం మరవరాదు.

చాలా ఇళ్ళలో అదే పొడిపై రెండోసారి నీరు పోసి డికాషన్ తీస్తుంటారు. వేడినీరు పొడిలోంచి మొదట పులుపును, సువాసనను, తరువాత తీపిని, చివరగా చేదును లాగుతుంది. రెండో డికాషన్‌లో మిగిలేది ఎక్కువగా ఆ చివరిదే. పొదుపు చేయదలచిన వారు దానిని మొదటి డికాషన్‌లో కలపకుండా విడిగా వాడుకోవాలి. మొత్తం కాఫీని పాడుచేయడం కంటే ఒక చెంచా పొడి అదనంగా వేయడమే మేలు.

నీరు, పాలు, నిల్వ

బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉన్న గ్రామాల్లో డికాషన్ రుచి చప్పగా, మట్టివాసనతో ఉంటుంది. తాగడానికి వాడే మంచినీటినే కాఫీకీ వాడాలి. పాలు అప్పుడే కాచినవైతే మంచిది. పదేపదే మరిగించిన పాలలో మీగడ కట్టి, మాడు వాసన వస్తుంది. డికాషన్‌ను పొయ్యిపై తిరిగి మరిగించకూడదు. వేడి పాలే దానిని వేడి చేస్తాయి. చక్కెరను ముందుగా గ్లాసులో వేసి, డికాషన్ పోసి, పైన పాలు పోసి రెండుసార్లు తిరగబోస్తే నురగ వస్తుంది.

పొడి చేసిన మరుక్షణం నుంచే సువాసన ఆవిరి కావడం మొదలవుతుంది. రోజుకు 20 గ్రాములు వాడే ఇంట్లో 250 గ్రాముల పొట్లం సుమారు పన్నెండు రోజులు వస్తుంది. కిలో చొప్పున కొనడం కంటే ఇలా కొనడం ఉత్తమం. గాలి చొరబడని స్టీలు డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టి తరచూ తీస్తుంటే తేమ పడుతుంది. పైగా ఇతర పదార్థాల వాసనలు పొడికి పడతాయి. తడి చెంచా వాడరాదు.

ఎంతవరకు తాగవచ్చు?

రుచి కుదిరితే కప్పుల సంఖ్య పెరగడం సహజం. ఇక్కడ జాగ్రత్త అవసరం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించరాదు. 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని ఆ సంస్థ పేర్కొంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ, టీలు మానాలని కూడా సూచించింది. వీటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మహిళల్లో రక్తహీనత అధికంగా ఉన్న మన ప్రాంతంలో టిఫిను తింటూనే కాఫీ తాగే అలవాటును ఈ దృష్టితో పునరాలోచించుకోవాలి. గర్భిణులు, రక్తపోటు, నిద్రలేమితో బాధపడేవారు వైద్యుల సలహా మేరకే తాగాలి.

ఫిల్టరు మొరాయిస్తే

నెలకొకసారి ఫిల్టరు పై గిన్నెను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. మూసుకుపోయిన రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. వేడినీటిలో చెంచా వంటసోడా కలిపి గంటసేపు నానబెట్టి, పాత పళ్ళకుంచెతో రుద్దితే జిడ్డు వదులుతుంది. సూదితో బలంగా పొడిస్తే రంధ్రాలు పెద్దవై పొడి కిందికి జారుతుంది. రోజూ వాడిన వెంటనే పిప్పిని తీసి కడిగితే ఈ అవస్థ ఉండదు. ఆ పిప్పిని పారవేయకుండా పెరటిలోని ఎరువు గుంతలో వేసుకోవచ్చు.

కొనేముందు చూడవలసినవి

* కాఫీ, చికోరీ శాతాలు పొట్లంపై ఉన్నాయా?
* వేయించిన లేదా ప్యాక్ చేసిన తేదీ ఎప్పటిది? నెల దాటని పొట్లం దొరికితే మంచిది.
* అరకు కాఫీ అని ఉంటే నూరు శాతం కాఫీయా, చికోరీ కలిపిన రకమా అన్నది పొట్లంపైనే చూడాలి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యం కాఫీని సొంత పేరుతో విక్రయిస్తోంది.
* పొడి ఫిల్టరుకు తగినదా, ఇన్‌స్టంట్ రకమా? ఇన్‌స్టంట్ పొడిని ఫిల్టరులో వేయరాదు.
* కొత్త పొడిని మొదట తక్కువ పరిమాణంలో కొని, వారం రోజులు ఒకే కొలతతో చేసి చూసిన తరువాతే మంచిచెడులు తేల్చుకోవాలి.