నాలుగు ఏడుగా కనిపిస్తే

కంప్యూటర్ లెక్క చేయడం ఒక ఎత్తు, చేసిన లెక్కను మనిషికి చూపించడం ఇంకో ఎత్తు. బ్రెడ్‌బోర్డుల మీద చిప్పులు గుచ్చి, తీగలు లాగి, ఇంట్లోనే ఎనిమిది బిట్ల కంప్యూటర్ కట్టుకునేవాళ్లకు ఈ రెండో సంగతి ఆలస్యంగా ఎదురవుతుంది. కూడిక సరిగ్గానే జరిగి ఉంటుంది. ఫలితం రిజిస్టర్‌లో కుదురుగా కూర్చుని ఉంటుంది. పక్కనున్న ఎనిమిది చిన్న ఎల్‌ఈడీల్లో మూడు వెలిగి 00101010 అంటాయి. ముప్ఫై రెండు, ఎనిమిది, రెండు కలుపుకుని నలభై రెండని చెప్పుకోవాల్సింది మనమే. చూడ్డానికొచ్చిన పొరుగాయన మాత్రం "ఇంతకీ ఎంతొచ్చిందప్పా?" అంటాడు. ఆ ప్రశ్నలో న్యాయముంది.

ఇలాంటి కంప్యూటర్లకు మూలం ఒక పాఠ్యపుస్తకం. ఆల్బర్ట్ పాల్ మాల్వినో తన 'డిజిటల్ కంప్యూటర్ ఎలక్ట్రానిక్స్' పుస్తకంలో విద్యార్థుల కోసం శాప్-1 అనే బుల్లి యంత్రాన్ని రూపొందించాడు. దాని మెమరీ మొత్తం 16 బైట్లు. బెన్ ఈటర్ అనే అమెరికన్ ఇంజనీరు దాన్ని ఆధారం చేసుకుని బ్రెడ్‌బోర్డుల మీద ఒక కంప్యూటర్ కట్టి, మెట్టుమెట్టుగా వీడియోలు తీశాక ఎక్కడెక్కడి ఔత్సాహికులో ఆ దారి పట్టారు. పుట్టపర్తిలో ఉండి ఈ పని పెట్టుకుంటే సామాన్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు బస్సెక్కాలి, లేదా కొరియర్ కోసం ఎదురు చూడాలి. ఇక్కడి పొడిగాలిలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. తేమ తక్కువైనప్పుడు ఒంటి మీద స్థిర విద్యుత్తు పేరుకుంటుంది, చిప్పును తాకే ముందు ఎర్త్ ఉన్న లోహాన్ని ఒకసారి ముట్టుకోవడం మంచిది.

అంకెను కొన్ని గీతలతో గీసి చూపవచ్చన్న ఆలోచన ఎల్‌ఈడీ కన్నా అర్ధశతాబ్దం పాతది. 1908లో ఫ్రాంక్ వుడ్ అనే అమెరికన్ ఇలాంటి ఏర్పాటు ఒకటి తయారు చేశాడు. అందులో ఎనిమిది గీతలు, నాలుగంకె కోసమే ఒక ఏటవాలు గీత అదనం. తర్వాత ఆ ఏటవాలు గీత పోయి ఏడే మిగిలాయి. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని చేసి చూపాడు. పదేళ్లు తిరిగేసరికి హెచ్‌పీ-35 కాలిక్యులేటర్‌తో ఆ ఎర్రంకెలు జేబులోకి వచ్చేశాయి. పై గీత ఎ, అక్కణ్నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా బి, సి, డి, ఇ, ఎఫ్, నడిమి గీత జి. ఈ పేర్లు గుర్తుంచుకోండి, ముందు పనికొస్తాయి.

అసలు చిక్కు వెలిగించడంలో లేదు, భాగించడంలో ఉంది. 00101010లో నాలుగూ లేదు, రెండూ లేదు. పదితో భాగిస్తేనే శేషం రెండు, భాగఫలం నాలుగు బయటికొస్తాయి. ఆ భాగహారాన్ని లాజిక్ గేట్లతో కట్టవచ్చు కానీ, కంప్యూటర్ పక్కన మరో కంప్యూటర్ అంత జాగా తింటుంది. 7447 లాంటి డీకోడర్ చిప్పులున్నాయి కదా అంటారేమో. అవి విడిగా వచ్చిన ఒక్క అంకెను గీతలుగా మారుస్తాయి, సంఖ్యను అంకెలుగా విడగొట్టే పని మాత్రం మనకే వదిలేస్తాయి.

అందుకే ఈటర్ లెక్క జోలికే పోలేదు, బట్టీ పట్టించాడు. ఎనిమిది బిట్లలో పట్టే సంఖ్యలు 256 మాత్రమే. ప్రతి సంఖ్యకూ ఏ స్థానంలో ఏ గీతలు వెలగాలో ముందే పట్టిక రాసి 28సి16 అనే మెమరీ చిప్పులో పెడితే సరి. ఆ చిప్పుకు అడ్రసు తీగలు 11. ఎనిమిది సంఖ్యకు పోతాయి. ఒకట్లా, పదులా, వందలా, మైనస్ గుర్తా అని చెప్పడానికి రెండు. మిగిలిన ఒక్కటీ స్విచ్‌కు. స్విచ్ ఒకవైపుంటే 11111111ను 255గా, రెండోవైపుంటే మైనస్ ఒకటిగా చూపిస్తుంది. మొత్తం 2048 గళ్లు, ఒక్కటీ మిగలదు. ఇంత పొదుపైన అమరిక ఆ కంప్యూటర్ మొత్తంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

లెక్క చేయకుండా పట్టిక చూసి పని చేసే యంత్రం ఈ చుట్టుపక్కల వాళ్లకు కొత్త కాదు. ధర్మవరంలో పట్టుచీర అంచు నేసే జకార్డు మగ్గం చేసేది అదే. అట్టలో చిల్లు ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది, లేనిచోట ఎత్తదు. నెమలి ఎలా ఉంటుందో మగ్గానికి తెలియదు. నలభై రెండంటే ఏమిటో ఆ మెమరీ చిప్పుకూ తెలియదు.

పాత చిప్పులైతే మన ఎండకు ఇంకో పని పడేది. గాజు కిటికీ ఉండే 2716 రకం చిప్పుల్లో రాసింది చెరిపేయాలంటే అతినీలలోహిత కాంతి కావాలి. నేరుగా ఎండలో పెడితే వారం రోజుల్లో చెరిగిపోతుందని తయారీదార్లే రాసేవారు. అందుకే పట్టిక ఎక్కించాక ఆ కిటికీ మీద స్టిక్కర్ అంటించేవాళ్లు. అనంతపురం సీమలో ఆ స్టిక్కర్ మరిచిపోకూడని వస్తువు. 28సి16 కరెంటుతోనే చెరిగే రకం కనుక దానికి ఎండ భయం లేదు.

ఇక నాలుగు స్థానాలకు ఒకే చిప్పు ఎలా సరిపోతుంది? వంతులవారీగా. 555 టైమర్ టిక్కుటిక్కుమంటుంటే రెండు బిట్ల కౌంటర్ సున్నా నుంచి మూడు దాకా తిరుగుతుంటుంది. ఆ వంతు ఏ స్థానానిదైతే అదొక్కటే వెలుగుతుంది. టైమర్‌ను నెమ్మదిగా తిప్పి చూడండి, అంకెలు ఒకదాని తర్వాత ఒకటి గెంతుతాయి. వేగం పెంచితే కన్ను మోసపోయి అన్నీ ఒకేసారి వెలుగుతున్నాయనుకుంటుంది. ఇక ఫిబొనాచీ ప్రోగ్రాం పెట్టి కూర్చుంటే 89, 144, 233 అని పొరుగాయన కూడా చదవగలడు. 233 తర్వాత రావాల్సిన 377 ఎనిమిది బిట్లలో పట్టక, 256 పోగా మిగిలిన 121 కనిపిస్తుంది. అది డిస్‌ప్లే తప్పు కాదు.

డిస్‌ప్లే తప్పు ఎలా ఉంటుందంటే, ఎ, జి తీగలు తారుమారయ్యాయనుకోండి. పరీక్షకని అందరూ ముందు ఎనిమిది వెలిగిస్తారు. ఏడు గీతలూ వెలుగుతాయి కాబట్టి అంతా బాగున్నట్టే. ఒకటిలో ఆ రెండు గీతలూ లేవు. రెండు, మూడు, ఐదుల్లో రెండూ ఉన్నాయి. కనుక వీటిలో తేడా తెలియదు. సున్నా, ఏడు మాత్రం వికారంగా కనిపించి దొరికిపోతాయి. నాలుగు దొరకదు. బి, సి, ఎఫ్‌లతో పాటు జి బదులు ఎ వెలిగేసరికి, కొన్ని కాలిక్యులేటర్లలో ఎడమపక్క చిన్న కొమ్ముతో ఉండే ఏడు లాగే నిక్షేపంగా కనిపిస్తుంది. రిజిస్టర్‌లో నలభై రెండు, కంటికి డెబ్బై రెండు. ఎర్రంకెలు వచ్చాయి కదా అని ఆ ఎనిమిది చిన్న ఎల్‌ఈడీలను పీకేసేవాళ్లను చూస్తే నాకు అందుకే భయం.

ఇది బల్ల మీది ఆటతో ఆగిపోయే సంగతి కాదు. మనలో చాలామందికి తెలిసిన ఏడు గీతల అంకెలు ఓటింగ్ యంత్రానివి. వాటిని తయారు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి, 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్. పార్టీల ఏజెంట్లు పోలింగ్‌కు ముందు సున్నా చూసుకునేదీ, లెక్కింపు రోజు కాగితం మీద రాసుకునేదీ కంట్రోల్ యూనిట్ డిస్‌ప్లే చూపించిన అంకెలనే. 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, అమెరికాకు చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ కలిసి ఒక పాత యంత్రాన్ని విప్పి చూపించిన విషయాల్లో ఒకటి ఇదే. మెమరీని ముట్టుకోలేదు. డిస్‌ప్లే బోర్డును మాత్రం అచ్చం అలాగే ఉండే మరో బోర్డుతో మార్చారు. అంకెల కింద దాచిన చిన్న చిప్పు, వచ్చిన లెక్కను మార్చి చూపించింది. భద్రతలో ఉన్న యంత్రం ఎవరి చేతికీ చిక్కదు కనుక ఇది జరిగే పని కాదని ఎన్నికల సంఘం కొట్టిపారేసింది. ఆ వాదనలో బలం లేకపోలేదు. అయినా లోపలి లెక్క ఎంత నిజమైనా అంకె వేరుగా చెప్పగలదన్న సంగతి మాత్రం దానితో చెరిగిపోదు.

2013లో సుప్రీంకోర్టు కాగితపు ఆధారం ఉండాలంది. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి ప్రతి పోలింగ్ కేంద్రానికీ వీవీప్యాట్ వచ్చింది. నొక్కిన గుర్తు అచ్చయిన చీటీ గాజు వెనక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంట్‌లో ఐదేసి పోలింగ్ కేంద్రాలను లాటరీ తీసి, అక్కడి చీటీలను చేత్తో లెక్కపెట్టి, యంత్రం చూపిన అంకెతో సరిచూడాలి.