తండా బిడ్డల తెలుగు: ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య దూరం

తెలుగు భాషోద్యమ చరిత్రలో దేవరకొండకు ఒక స్థానముంది. నిజాం రాష్ట్రంలో ఉర్దూ అధికార భాషగా, ఉన్నత విద్యలో బోధన భాషగా ఉన్న కాలంలో, 1931లో రెండవ ఆంధ్ర మహాసభ బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఇక్కడే జరిగింది. ఇంటి భాషలో చదువు అందకపోవడం ఆనాటి తెలుగువారి ప్రధాన ఆవేదనల్లో ఒకటి. నేడు దేవరకొండ, చందంపేట తండాల్లోనూ, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని అచ్చంపేట, కల్వకుర్తి పరిసరాల్లోనూ లంబాడీ పిల్లలది అదే స్థితి. ఈసారి పరాయి భాష స్థానంలో తెలుగు ఉన్నది.

లంబాడీ ఇండో-ఆర్య భాష. తల్లిని ‘యాడి’, రొట్టెను ‘బాటి’, నీటిని ‘పాణి’ అనే బిడ్డ ఒకటవ తరగతిలో తెలుగు వాచకం తెరుస్తుంది. పదాలు త్వరగానే పట్టుబడతాయి. చిక్కు వ్యాకరణంలో ఉంది. ‘ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది’ అని తెలుగు ఏకవచనంలో మూడింటికీ ఒకే క్రియారూపాన్ని వాడుతుంది. లంబాడీలో ‘ఘోడో’ మగ గుర్రం, ‘ఘోడి’ ఆడ గుర్రం. ప్రాణం లేని వస్తువులకు సైతం లింగభేదం వర్తిస్తుంది. కనుక తండా విద్యార్థి ‘ఎద్దు వచ్చాడు’ అని రాస్తే అది అజాగ్రత్త అనుకోరాదు. ఇంటి భాషా సూత్రాన్నే అతడు తెలుగుకు అన్వయించాడు. ఎర్రసిరాతో దిద్దినంత మాత్రాన ఆ సూత్రం మారదు. పైగా అంగట్లో, బస్సులో అతని చెవిన పడేది ‘వచ్చిండు’, వాచకంలో కనిపించేది ‘వచ్చాడు’. తెలుగే అతనికి రెండు రూపాల్లో ఎదురవుతున్నది.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణం (1956) చెబుతున్నది. జనగణన మాత్రం లంబాడీని హిందీ కింద లెక్కిస్తుంది. ఆ హిందీ బడిలో ఆరవ తరగతికి గాని రాదు! 2018 చట్టంతో తెలుగు తప్పనిసరి అయింది. 2022-23 నుండి ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం వచ్చింది. తెలుగా, ఆంగ్లమా అన్న చర్చలో ఇంటి భాష ఊసే లేదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, ప్రాథమిక వాచకాలు తయారు చేయించింది. వాటిలో బంజారా ఒకటి. అది కొద్ది బడులకే పరిమితమైంది.

ఒక విషయంలో తండా బిడ్డలకే అనుకూలత ఉంది. ‘ఘర్’, ‘ఘోడో’ వంటి మాటల వల్ల మహాప్రాణాలు వారి నోట సహజంగా పలుకుతాయి. ‘భారతం’ను ‘బారతం’ అనే తెలుగింటి పిల్లలకు ఆ ఉచ్చారణను వారిచేతనే చెప్పించవచ్చు.