మందు మిషిన్ ఇంజన్‌కు రెక్కలు కడితే

మిర్చికి, పత్తికి మందు కొట్టే రోజుల్లో కాటారం చుట్టుపక్కల పొద్దుగాలే చెవిన పడేది ఒక చిన్న ఇంజన్ చప్పుడు. వీపుకు కట్టుకున్న మందు డబ్బా, దాని కింద ఇంచుమించు 26 సీసీల టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్. కొందరు తైవాన్ పంపు అంటారు, కొందరు మందు మిషిన్ అంటారు. తాడు లాగితే ఒక్క గుంజుకే అందుకుంటే ఆ రోజు పని సాఫీగా సాగినట్టే. పది గుంజుళ్లకూ అందుకోకపోతే అది మంథని, భూపాలపల్లి, కాళేశ్వరం దారులు కలిసే కూడలిలోని రిపేరు షాపుకు చేరుతుంది. అక్కడ మెకానిక్ ముందు ప్లగ్గు విప్పుతాడు, తర్వాత కార్బొరేటర్ విప్పుతాడు. ముప్పావు వంతు రోగాలు ఆ రెండింట్లోనే దొరుకుతాయి.

ఇదే జాతి ఇంజన్‌ను ముక్కున బిగించుకొని, రెండు మీటర్లకు పైగా రెక్కలు చాపి, నేల మీద నిలబడ్డ మనిషి చేతిలోని రిమోట్ చెప్పినట్టు ఆకాశంలో పల్టీలు కొట్టే మోడల్ విమానాలున్నాయి. చాలామంది వాటిని డబ్బున్నవాళ్ల ఆటబొమ్మలు అనుకుంటారు. బొమ్మ అనే మాటతోనే నాకు పేచీ. నాలుగైదు హార్స్‌పవర్ ఇంజన్ ఉన్నది బొమ్మ కాదు, యంత్రం. దాన్ని కట్టడానికి, నడపడానికి, బాగుచేయడానికి కావలసిన విద్యలో సగం కాటారం లాంటి ఊళ్లలోని మందు మిషిన్ షాపుల్లో ఇప్పటికే ఉంది. ఆ సగం ఏమిటో, మిగతా సగం ఏమిటో విడమరిచి చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

పెద్ద మోడల్ అంటే ఎంత పెద్దది? ప్రపంచవ్యాప్తంగా ఈ అభిరుచి ఉన్నవాళ్లు పాటించే కొలత ఒకటుంది. ఒక జత రెక్కలున్న విమానమైతే ఈ చివర నుంచి ఆ చివరకు 80 అంగుళాలు, రెండంతస్తుల రెక్కలున్నదైతే 60 అంగుళాలు. అంతకు తగ్గకూడదు. 80 అంగుళాలంటే రెండు మీటర్ల పైమాట, నులకమంచం పొడవు. ఈ పరిమాణానికి 30 సీసీ నుంచి 60 సీసీ దాకా ఇంజన్ వాడతారు, ఇంకా పెద్దవాటికి 100 సీసీ దాటినవీ ఉన్నాయి.

మోడల్ విమానాలకు పెట్రోల్ కొత్త కాదు. 1930ల తొలినాళ్లలోనే అమెరికాలో బిల్ బ్రౌన్ అనే యువకుడు ప్లగ్గుతో మండే చిన్న పెట్రోల్ ఇంజన్ తయారుచేశాడు. బ్రౌన్ జూనియర్ పేరుతో అది అమ్మకానికి వచ్చింది. 1937లో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు పెట్రోల్ ఇంజన్ విమానాన్ని రేడియోతో నడిపించారు. గఫ్ అని దానికి పెట్టిన పేరు. ఇప్పుడది అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్ తెచ్చాక కథ మారింది. కాయిల్ అక్కర్లేదు, బ్యాటరీ మోయక్కర్లేదు. మిథనాల్‌లో ఆముదం కలిపి పోస్తే ఇంజన్ నడిచేది. మన పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే ఆముదమే. ఎంత వేడికైనా లోహాన్ని అంటిపెట్టుకుని ఉండే గుణం దానిది. అయితే విమానం పెద్దదయ్యేకొద్దీ మిథనాల్ ఖర్చు తడిసి మోపెడైంది. అప్పుడు మోడలర్ల చూపు అడవి పనిముట్ల మీదికి మళ్లింది. చెట్లు కోసే చైన్ సా, గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఇంజన్లను విప్పి, బరువు తగ్గించి, ప్రొపెల్లర్ బిగించారు. అలాంటి పనిముట్లు చేసే జపాన్ కంపెనీ జెనోవా వారి 62 సీసీ ఇంజన్ ఏళ్ల తరబడి పెద్ద మోడళ్లకు నమ్మకమైన గుర్రంలా పనిచేసింది. విమానం కోసమే రూపుదిద్దిన ఇంజన్లు ఆ దారిలోనే వచ్చాయి. అమెరికా నుంచి డెజర్ట్ ఎయిర్‌క్రాఫ్ట్, జర్మనీ నుంచి 3డబ్ల్యూ, చైనా నుంచి డీఎల్ఈ.

ఇప్పుడు ఇంజన్ లోపలికి పోదాం. అన్నిటికంటే ముచ్చటైన భాగం కార్బొరేటర్. బైక్ కార్బొరేటర్ అడుగున ఒక గిన్నె, అందులో తేలే బెండు ఉంటాయి. పెట్రోల్ నిండితే బెండు లేచి దారి మూస్తుంది, తగ్గితే దిగి దారి తెరుస్తుంది. బైక్ పక్కకు పడినప్పుడు పెట్రోల్ కారిపోవడం చూసే ఉంటారు. గిన్నె ఒరిగితే బెండుకు పైకీ కిందికీ తేడా తెలియదు. చైన్ సాను మనిషి ఎటంటే అటు తిప్పుతాడు, విమానమైతే పూర్తిగా తలకిందులవుతుంది. అక్కడ ఈ గిన్నె పనికిరాదు.

దాని బదులు రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దగా ఉండే పల్చటి పొర పెట్టారు. దీన్నే డయాఫ్రమ్ అంటాం. నిజానికి ఇలాంటివి రెండుంటాయి. పిస్టన్ పైకీ కిందికీ పోతుంటే దాని అడుగు గదిలో గాలి ఒకసారి పీలుస్తుంది, ఒకసారి నెడుతుంది. ఆ ఊపును సన్నని రంధ్రం గుండా తీసుకుని మొదటి పొర గుండెలా కొట్టుకుంటూ ట్యాంకులోని పెట్రోల్‌ను తోడుతుంది. రెండో పొరకు ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క పెట్రోల్. ఇంజన్ పెట్రోల్ పీల్చుకోగానే పొర లోపలికి వంగి చిన్న మీటను నొక్కుతుంది, మీట సూదిని ఎత్తుతుంది, కావలసినంత పెట్రోల్ లోపలికి వస్తుంది. పని అంతా పొర ఒత్తిడి మీదే నడుస్తుంది కాబట్టి ఇంజన్ ఏ వైపు తిరిగినా ఫరవాలేదు.

ఆ పొర ఆరోగ్యంగా ఉందో లేదో వేళ్లకే తెలుస్తుంది. కొత్త పొర మెత్తగా, తడి తమలపాకులా వంగుతుంది. పాతబడింది ఎండిన ఆకులా గట్టిపడి, కదిపితే చిటపటమంటుంది. గట్టి పొర మీటను సరిగా నొక్కదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అందుకుని, వేడెక్కాక ఆగిపోతుంది. మందు మిషిన్‌కు ఇలా అయితే చేను మధ్యలో నిలబడిపోతాం, విమానానికి అయితే అది గాలిలోనే ఆగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిల్వ ఉన్నకొద్దీ ఇలాంటి పొరలను, రబ్బరు పైపులను దెబ్బతీస్తుంది. అందుకే వాడిన రోజే ట్యాంకు ఖాళీ చేసి, పైపులో మిగిలింది అయిపోయి ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపాలి.

ఆయిల్ లెక్క రైతులకు నేను చెప్పనక్కర్లేదు. లీటరుకు 40 మిల్లీలీటర్లు పోస్తే 25కు 1, 25 మిల్లీలీటర్లు పోస్తే 40కి 1. కొత్త ఇంజన్‌కు చిక్కగా, నలిగిన ఇంజన్‌కు కాస్త పల్చగా పోస్తారు. కంపెనీ కాగితం మీద ఏముందో అదే ఖాయం. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, తర్వాత బోరు గీసుకుపోతుంది.

కార్బొరేటర్ పక్కన రెండు స్క్రూలుంటాయి. ఒకటి నిదానంగా తిరిగేటప్పటికి, ఇంకోటి పూర్తి వేగానికి. ముందు మొదటిది సరిచేసుకుని, తర్వాతే రెండోదాని జోలికి పోవాలి. పెట్రోల్ తక్కువైతే ఇంజన్ ఊపుగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ వేడికి కాలిపోతుంది. ప్లగ్గు విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. మొన తెల్లగా ఉంటే పెట్రోల్ చాలడం లేదు, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైంది, చిక్కటి చాయ్ రంగులో ఉంటే సరిపోయింది. మోడలర్లు ఇంకో పరీక్ష చేస్తారు. విమానాన్ని గట్టిగా పట్టుకుని, పూర్తి వేగంలో ముక్కును ఆకాశానికి ఎత్తిస్తారు. చప్పుడు తగ్గిందంటే పెట్రోల్ అందడం లేదని లెక్క.

ఇంతవరకు మన మెకానిక్‌కు తెలిసిన లోకమే. తేడా మొదలయ్యేది మెరుపు దగ్గర. మందు మిషిన్‌లో బరువైన ఫ్లైవీల్, దానికి అంటించిన మాగ్నెట్, పక్కన కాయిల్ కలిసి స్పార్క్ పుట్టిస్తాయి. ఆ ఫ్లైవీల్ మీది రెక్కలే గాలి విసిరి ఇంజన్‌ను చల్లబరుస్తాయి. విమానంలో ఈ బరువంతా తీసేస్తారు. ఇరుసు మీద చిన్న మాగ్నెట్, దాని రాకను పసిగట్టే సెన్సర్, విడిగా బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్ పెట్టె ఉంటాయి. స్టార్ట్ చేసేటప్పుడు స్పార్క్ ఆలస్యంగా, వేగం పెరిగాక ముందుగా పడేలా ఆ పెట్టే చూసుకుంటుంది. రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవర్‌కు, ఇగ్నిషన్‌కు బ్యాటరీలు వేరుగా ఉండాలి, రెండూ వీలైనంత ఎడంగా ఉండాలి. లేకపోతే స్పార్క్ గోల రేడియోలో చేరుతుంది. చల్లబరచడం ప్రొపెల్లర్ గాలి పని కాబట్టి ముందు మూతకు గాలి దూరే దారి కంటే వెళ్లిపోయే దారి రెండు మూడింతలు పెద్దగా కోయాలి. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి చేసి ఇంజన్లు కాల్చుకుంటారు.

ఒక మాట ఖండితంగా చెప్పాలి. పాత మందు మిషిన్ ఇంజన్ విప్పి దానికి ఏదో ఒక రెక్క బిగించి చూద్దాం అనుకోవద్దు. 22 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే దాని కొన గంటకు సుమారు 737 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కుదురుగా కూర్చునే హబ్ లేకుండా, తూకం వేయకుండా తిప్పితే అది ఊడి ఎటు పోతుందో చెప్పలేం. ప్రొపెల్లర్‌కు జుట్టంత చీలిక కనిపించినా విరిచి పారేయాలి, అతికించి వాడకూడదు. స్టార్ట్ చేసేటప్పుడు తోకను గూటానికి కట్టాలి. చేతికి మందపాటి గ్లవ్ ఉండాలి. ప్రొపెల్లర్ తిరిగే గీతకు ఎదురుగా, పక్కన ఎవరూ నిలబడకూడదు. రిమోట్ నుంచే ఇగ్నిషన్ ఆపే స్విచ్ లేని విమానాన్ని నేనైతే నేల మీద కూడా నడపనివ్వను.

కట్టడం సంగతికి వస్తే, లోకమంతా వాడేది దక్షిణ అమెరికా నుంచి వచ్చే బాల్సా కర్ర, దానికి తోడు సన్నని ప్లైవుడ్. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చెక్కే పొనికి కర్ర చేతిలోకి తీసుకున్నవారికి తేలిక కర్ర అంటే ఏమిటో తెలుసు. బాల్సా దానికి దూరపు చుట్టం లాంటిది. ఇంజన్‌ను బిగించే ముందరి పలకను మాత్రం మందపాటి ప్లైవుడ్‌తో చేసి, అతికించిన వెంటనే ఎపాక్సీ పూయాలి. పూయకపోతే ఆయిల్ కలిసిన పెట్రోల్ కర్రలోకి ఇంకుతుంది, ఆ తర్వాత దాని మీద ఏ జిగురూ పట్టదు. ఒంటి సిలిండర్ ఇంజన్ వణుకు తక్కువది కాదు, ప్రతి బోల్టుకూ లాక్ జిగురు వేయాల్సిందే. ట్యాంకు పైపు కూడా పెట్రోల్‌కు తట్టుకునేదే కావాలి. మిథనాల్‌కు వాడే సిలికాన్ పైపు పెట్రోల్‌లో ఉబ్బి పాడవుతుంది. చివరగా బరువు మధ్యబిందువు. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు తూగాలి. తోక బరువైతే విమానం మాట వినదు.

కూలిన విమానాన్ని బాగుచేయడంలో మొదటి పని ఏమీ చేయకపోవడమే. మట్టిలో ముక్కు దిగిన ఇంజన్‌ను ఒక్క చుట్టు కూడా తిప్పకూడదు. సైలెన్సర్‌లో, కార్బొరేటర్‌లో చేరిన ఇసుక రవ్వ బోరును గీరేస్తుంది. ముందు బయటంతా కడగాలి, తర్వాత విప్పాలి, ఆ తర్వాతే ఇరుసు వంగిందేమో చూడాలి. జాయింట్ల దగ్గర గాలి లీకవుతోందన్న అనుమానం ఉంటే సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడాలి. టైరు పంచర్ చూసే పద్ధతే ఇది.

ఇలాంటి విద్యకు మన ప్రాంతంలో ఒక చోటు ఉండేది. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయాన్ని 1930లో నిజాం కాలంలో కట్టారు. 1981లో అది మూతపడింది. ఆ తర్వాత ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ కేడెట్లు ఆ నేల మీద ఏరోమోడలింగ్ నేర్చుకున్నారు. 2025లో దాన్ని మళ్లీ విమానాశ్రయంగా అభివృద్ధి చేయడానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇప్పుడు ఎవరైనా ఎగరేయాలంటే 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాలు చూసుకోవాలి. 25 కిలోలకు మించకుండా, కంటికి కనిపించే దూరంలో, చదువుకో పరిశోధనకో వినోదానికో ఎగరేసేదాన్ని అవి మోడల్‌గా గుర్తిస్తాయి. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలున్నాయి. గోదావరి దాటితే మహారాష్ట్ర, పక్కనే ప్రాజెక్టులు, అడవి ఉన్న కాటారం ప్రాంతంలో మ్యాప్ చూడకుండా, పోలీస్ స్టేషన్‌లో చెప్పకుండా ఏదీ ఎగరేయొద్దు.

విమానం కొనే స్తోమత అందరికీ ఉండదు. కానీ విద్య మొదలుపెట్టడానికి విమానం అక్కర్లేదు. ఇంటర్, ఐటీఐ చదివే పిల్లలు షాపులో మూలన పడేసిన పాత కార్బొరేటర్ ఒకటి అడిగి తెచ్చుకుని, ఆ పొరను విప్పి వేళ్ల మధ్య వంచి చూడండి. మెకానిక్‌ను అన్నా అని పిలిచి, ప్లగ్గు రంగులు చదవడం నేర్పమనండి. రైతులకు నా మనవి ఒకటే. మిర్చి ఏరడం అయిపోయి మిషిన్‌ను అటక మీద పెట్టే ముందు, దాని ట్యాంకు ఒంపి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడిపి పెట్టండి.