వంత నోట ఊరి మాట

లండన్‌లో 1962లో మొదలైన రోలింగ్ స్టోన్స్ దళానికి 2024లో కూడా జనం ఎగబడ్డారంటే వింతేమీ కాదు. వాళ్లు పట్టుకున్నది అమెరికా పత్తి చేలల్లో నల్లజాతి కూలీల నుంచి వచ్చిన బ్లూస్ పాట. ఒకరు అంటే తక్కినవాళ్లు బదులు పలకడం దాని వేరు. మనకు అలాంటిది బుర్రకథ.

ఇందులో ముగ్గురే. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. అసలు కిటుకు వీళ్ల దగ్గరే ఉంది. కథ పల్నాటి యుద్ధమే గాని, వంత మాత్రం వినేవాళ్ల ఊరి మనిషి. మా తనకల్లు వైపు చెబితే చెనిక్కాయల ధర, రాని వాన, ఎండిన బోరు అన్నీ బ్రహ్మనాయుడి కాలంలోకి దూరిపోతాయి. జనం నవ్వుతారు. ఆ నవ్వు కొంచెం చేదుగానే ఉంటుంది.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్, ప్రజానాట్యమండలిలో చేరి ఈ కళకు పదును పెట్టారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన పోయారు, బాణీ పోలేదు.

ప్రభుత్వ పథకాలు చెప్పడానికీ బుర్రకథనే పిలుస్తుంటారు. సంతోషమే. కాని రాసిచ్చిన కాగితం అప్పజెప్పే వంతకు, బోరు ఎందుకెండిందని అడిగే వీలుండదు. అలాంటి కథకు మా ఊళ్లో సగం మంది మధ్యలోనే లేచిపోతారు.