గచ్చు కింద గొట్టాలు

చలిదేశాలవాళ్ళు ఇంటి గచ్చులో వేడినీళ్ళ గొట్టాలు పరిచి దాని మీద వెచ్చగా కూర్చుంటారంటే మన గుంటూరు వైపు ఎవరికైనా నవ్వొస్తుంది. రోహిణీ కార్తెలో మన గచ్చు దానంతటదే కాలుతుంది గదా! కొరియాలో మాత్రం ఇది పాత పద్ధతి. పూర్వం పొయ్యి పొగను నేల కింది దారుల గుండా పంపేవారు. దాన్ని 'ఒండోల్' అంటారు. ఇప్పుడు అక్కడ ఆ పని వేడినీళ్ళ గొట్టాలు చేస్తున్నాయి.

మనకు ఆ వేడి అక్కర్లేదు గాని గొట్టాలు మాత్రం వచ్చేశాయి. మా మంగళగిరిలో కొత్త ఇళ్ళు చూడండి. డాబా మీద సోలార్ హీటరు, వరండాలో గ్యాసు సిలిండరు. "రెండు పైపులూ గచ్చులో దాచేద్దామండీ, పైకి కనపడితే బాగోదు" అంటాడు మేస్త్రీ. మా పక్కింటి బాబాయి నన్ను పిలిచి, "ఇంజనీరింగు చదువుతున్నావు గదరా, నువ్వు చెప్పు" అన్నాడు. నేను చెప్పింది ఇదీ: నీళ్ళ గొట్టాన్ని జాగ్రత్తగా దాచవచ్చు, గ్యాసు గొట్టాన్ని దాచకూడదు.

ముందు నీళ్ళ సంగతి. సీపీవీసీ గొట్టం మీటరు పొడవుకు, డిగ్రీ వేడికి సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే 10 మీటర్ల గొట్టం 24 మి.మీ., అంటే దాదాపు అంగుళం పెరగాలి. రాగిదైతే 6 మి.మీ. చుట్టూ బిగిసిన కాంక్రీటు దాన్ని కదలనివ్వదు. ఆ ఒత్తిడి వంపుల మీదా అతుకుల మీదా పడుతుంది. అందుకని గొట్టానికి మెత్తని తొడుగు వేయాలి. కాంక్రీటు లోపల అతుకు ఉండకూడదు. చలిదేశాల్లో మెత్తని ప్లాస్టిక్ గొట్టాన్ని మధ్యలో అతుకు లేకుండా చుట్టలుగా పరచడంలోని కిటుకు ఇదే.

మన నల్లరేగడి ఇంకో చిక్కు తెస్తుంది. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలిస్తుంది. గోడ నిలిచి గచ్చు కదిలితే, రెండింటిలోంచీ పోయే గొట్టం ఆ సందు దగ్గరే విరుగుతుంది. గోడ దాటేచోట లావుపాటి గొట్టం పెట్టి అందులోంచి పంపితే ఈ బాధ తప్పుతుంది.

ఇక గ్యాసు. నీళ్ళు కారితే గచ్చు చెమ్మగిల్లి మనకు చెబుతుంది. గ్యాసు అలా చెప్పదు. సిలిండరు గ్యాసు గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండింతల బరువు. నీళ్ళలాగే పల్లం వెతుక్కుంటుంది. చేనేత ఇంట్లో ఆ పల్లం ఏదంటారు? మగ్గం గుంట! నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకుని కూర్చునే చోటు. బాబాయి ఇంట్లో వంటగదికీ మగ్గానికీ మధ్య ఒక్క గోడే. గాలిలో సుమారు 2 శాతం గ్యాసు చేరినా చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది.

ఊళ్ళల్లో పైపుల ద్వారా ఇచ్చే సహజవాయువు గాలికన్నా తేలిక, పైకి పోతుంది. అయినా మూసిన సందులో చిక్కితే అదీ ప్రమాదమే. 2014 జూన్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో పెద్ద గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇంటి గొట్టం దానికి సాటి కాదు, నిజమే; కాని కనపడని గొట్టాన్ని కనిపెట్టుకుని ఉండటం ఎవరికైనా కష్టమే.

కాబట్టి గ్యాసు గొట్టం గోడ మీద, కంటికి కనపడేలా పోవాలి. సిలిండరు దగ్గరొకటి, పొయ్యి దగ్గరొకటి వాల్వు ఉండాలి. అతుకుల్ని సబ్బునీళ్ళతో పరీక్షించాలి, అగ్గిపుల్లతో కాదు. నీళ్ళ గొట్టాలకైతే కాంక్రీటు పోయకముందే నీళ్ళు నింపి, పంపుతో ఒత్తిడి పెట్టి ఒక రాత్రి ఉంచాలి. తెల్లారేసరికి మీటరు ముల్లు దిగకూడదు. ఆపైన ఫోటో తీసి, గోడ నుంచి ఎన్ని అడుగుల దూరమో రాసిపెట్టుకోవాలి. రేపు ఎవరో డ్రిల్లు పెట్టకుండా ఆ కాగితమే కాపాడుతుంది.

బాగోదంటారా? గోడ రంగే దానికీ వేయించండి. నాలుగు రోజులు పోతే దాని వంక ఎవరూ చూడరు. గ్యాసు కారితే మాత్రం ఎక్కడ వెతకాలో అందరికీ తెలుస్తుంది.