కాగితపు రెక్కల వలస

ఏటా శరదృతువులో కెనడా, అమెరికా దేశాల పాఠశాలలలో పిల్లలు కాగితంతో సీతాకోకచిలుకలను తయారు చేస్తారు. నారింజ రంగు పూసి, నల్లని గీతలు దిద్ది, తమ పేరూ, ఊరూ, ఒక చిన్న సందేశమూ వ్రాస్తారు. అవన్నీ కట్టలుగా మెక్సికోకు ప్రయాణమవుతాయి. అక్కడ మోనార్క్ సీతాకోకచిలుకలు శీతాకాలం గడిపే కొండ అడవుల అంచున ఉన్న పల్లె బడులలో వాటిని పంచుతారు. అక్కడి పిల్లలు ఆ సందేశాలను చదివి, చలికాలమంతా వాటిని భద్రంగా ఉంచుతారు. మార్చిలో అసలు సీతాకోకచిలుకలు ఉత్తరానికి మళ్లగానే కాగితపువి కూడా తిరుగు ప్రయాణం కడతాయి. అయితే ఎవరు చేసినది వారికే తిరిగి రాదు. ఒక ఊరి బాలిక చేసినది వేయి మైళ్ల అవతల మరొక ఊరి బాలుడి చేతికి అందుతుంది. జర్నీ నార్త్ అనే విద్యా కార్యక్రమం ఎన్నో ఏళ్ల పాటు దీనిని నిర్వహించింది.

మొదట దీనిని గురించి చదివినప్పుడు మేము పెద్దగా లక్ష్యపెట్టలేదు. కత్తెర, రంగులు, జిగురు ఉంటే పిల్లలకు ఒక పూట గడిచిపోతుంది. అంతమాత్రాన విద్య అవుతుందా అనుకున్నాము. తరువాత ఆ సీతాకోకచిలుకల చరిత్ర తెలుసుకున్న కొద్దీ మా అభిప్రాయం మారింది.

మోనార్క్ బరువు అర గ్రాము. ఎండాకాలంలో పుట్టినవి రెండు వారాల నుండి ఆరు వారాలు మాత్రమే బ్రతుకుతాయి. వేసవి చివర పుట్టిన తరానికి మాత్రం ఎనిమిది నెలల దాకా ఆయుష్షు ఉంటుంది. ఆ తరమే దక్షిణానికి బయలుదేరుతుంది. కొన్ని నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి, మునుపెన్నడూ చూడని కొండకు చేరుకుంటాయి. దారి చూపే తల్లిదండ్రులు లేరు. వాటి తాత ముత్తాతలే నిరుటి చలికాలంలో అక్కడ ఉండినవి. గురువు లేనిదే అక్షరం రాదని నమ్మి జీవితమంతా పాఠాలు చెప్పుకున్న మావంటి వారిని ఈ విషయం కొంతసేపు మౌనంగా కూర్చోబెట్టింది.

ఈ వలస రహస్యం వెల్లడి కావడంలో పిల్లల చేయి కూడా ఉన్నది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడ్ ఉర్కహార్ట్, ఆయన సతీమణి నోరా దశాబ్దాల పాటు సీతాకోకచిలుకల రెక్కలకు చిన్న కాగితపు చీటీలు అంటించి వదిలేవారు. 1952 నుండి సామాన్య ప్రజలను కూడా ఈ పనిలో సహాయానికి పిలిచారు. చివరకు 1975 జనవరిలో వారి సహాయకులకు మెక్సికో కొండలలో ఆ విడిది కనబడింది. మరుసటి ఏడు ఉర్కహార్ట్ స్వయంగా అక్కడికి వెళ్ళినప్పుడు చీటీ ఉన్న సీతాకోకచిలుక ఒకటి దొరికింది. ఆ చీటీ అంటించినది అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక ఉపాధ్యాయుడూ, ఆయన బడిపిల్లలూ.

అయితే 'కనుగొన్నారు' అనే మాటను మేము కొంచెం జాగ్రత్తగా వాడదలిచాము. ఆ కొండ పల్లెలవారు తరతరాలుగా ఆ సీతాకోకచిలుకలను చూస్తూనే ఉన్నారు. అవి ఎక్కడి నుండి వస్తున్నవో వారికి తెలియదు. ఎక్కడికి పోతున్నవో ఉత్తరాదివారికి తెలియదు. ఇద్దరి వద్దా ఉన్నది సగం పాఠమే.

నష్టం కూడా ఈ విధంగానే రెండు సగాలుగా ఉన్నది. మెక్సికో అడవులలో సీతాకోకచిలుకలు ఎంత విస్తీర్ణంలో చెట్లను కప్పి ఉన్నవో ఏటా కొలుస్తారు. ఒక్కొక్కదానిని లెక్కించడం అసాధ్యం గనుక ఇదే కొలత. 1996-97 చలికాలంలో అది సుమారు 18 హెక్టార్లు, 2013-14లో 0.67 హెక్టార్లు. ఒక ఊరి మాగాణమంత ఉన్నది ఒక చిన్న చెక్కకు కుంచించుకుపోయిందన్నమాట. 2024-25లో కొంత కోలుకొని 1.79కి చేరింది.

దక్షిణాన కారణం గొడ్డలి. ఆ విడిది మూడు వేల మీటర్ల ఎత్తున పెరిగే ఒయామెల్ అనే దేవదారు జాతి చెట్ల మీద ఉంటుంది. దట్టమైన కొమ్మలు వానకు గొడుగుగా, చలికి దుప్పటిగా కాపాడతాయి. చెట్లు పలుచబడిన చోట తడిసిన రెక్కల మీద మంచు పడితే సీతాకోకచిలుకలు రాలిపోతాయి. 2002 జనవరి తుఫానులో కోట్ల సంఖ్యలో అలాగే చనిపోయాయి. ఉత్తరాన కారణం కలుపుమందు. మోనార్క్ గొంగళిపురుగు పాలకాడ మొక్క ఆకు తప్ప మరొకటి ముట్టదు. కలుపుమందును తట్టుకొనే మొక్కజొన్న, సోయా విత్తనాలు వచ్చిన తరువాత పొలాలలో ఆ మొక్క దాదాపు కనుమరుగైంది. కొంతకాలం ఉత్తరాదివారు మెక్సికో గొడ్డలిని చూపారు. మెక్సికోవారు ఉత్తరాది పొలాలను చూపారు. ఎదుటివాని తప్పు చూపించే పాఠం చెప్పడానికీ సులువే, నేర్చుకోవడానికీ సులువే.

కాగితపు సీతాకోకచిలుక విలువ మాకు ఇక్కడ తెలిసివచ్చింది. దానిని పంపిన పిల్లవానికి మెక్సికోలో ఒక అడవి మాత్రమే కాక, ఆ అడవి అంచున తన ఈడు పిల్లలు చదివే ఒక బడి కూడా ఉన్నదని తెలుస్తుంది. ఆ బడిపిల్లల తండ్రులలో చాలామంది ఒకప్పుడు కలప మీద బ్రతికినవారు. 1986లో ప్రభుత్వం అడవికి రక్షణ ప్రకటించింది. 2000లో దానిని 56 వేల హెక్టార్లకు విస్తరించింది. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఆ భూములలో అధిక భాగం పల్లెల ఉమ్మడి ఆస్తి. చెట్టు కొట్టరాదన్న ఉత్తర్వు వచ్చిన నాడు పొయ్యి మీది కుండను గురించి ఎవరు ఆలోచించారు? తరువాత పరిహార నిధి ఏర్పడింది. యాత్రికుల రాకతో గుర్రాలు తోలేవారికీ, దారి చూపేవారికీ, రొట్టెలు అమ్మేవారికీ నాలుగు నెలల ఆదాయం కలిగింది. అది అందరికీ చాలదు. హోమెరో గోమెస్ గొన్సాలెస్ కలప కొట్టే కుటుంబంలో పుట్టి, ఎల్ రొసారియో అభయారణ్యానికి కాపరి అయిన మనిషి. 2020 జనవరిలో అదృశ్యమయ్యాడు. రెండు వారాల తరువాత ఒక నీటిగుంటలో ఆయన శవం దొరికింది. ఆ పల్లెల పిల్లలకు ప్రకృతి పరిరక్షణ రంగుకాగితాల ఆట కాదు.

అడవి సీతాకోకచిలుకల కోసమే కాదని కూడా వారికి తెలుసు. 2010 ఫిబ్రవరి కుండపోతలో ఆ కొండల నడుమ ఉన్న ఆంగాంగెయో పట్టణం మీద కొండచరియలు విరిగిపడి ఎందరో మరణించారు. వాలు మీది మట్టిని పట్టి ఉంచేవి చెట్ల వేళ్ళే గదా.

ఉత్తరాది బడులలో ఈ పాఠం చేతి పనిగా కూడా మారింది. ఎన్నో పాఠశాలలు తమ ఆవరణలో పాలకాడ మొక్కలు నాటాయి. వసంతంలో మొదటి చిగురు ఎప్పుడు కనిపించింది, మొదటి సీతాకోకచిలుక ఎప్పుడు వచ్చింది అని పిల్లలు తేదీలు నమోదు చేసి పంపుతారు. ఆ నమోదులను శాస్త్రవేత్తలు తమ పరిశోధనలకు వాడుకున్నారు. పిల్లల మాటను పెద్దలు పనికివచ్చే సాక్ష్యంగా స్వీకరించడం చిన్న విషయం కాదు. మన ఇళ్ళలో అది ఎంత అరుదో పాఠకులకు చెప్పనక్కరలేదు.

లోపం లేదని మేము అనడం లేదు. ఉత్తరాది పిల్లవాడు పెద్దయ్యాక టికెట్టు కొని ఆ కొండ చూడగలడు. కొండ మీది బాలిక కెనడాలోని పూలతోటను చూడగలదా? కాగితం ఈ అంతరాన్ని పూడ్చదు. కాకపోతే, అంతరం ఉన్నదని చిన్న వయసులోనే కనబడనిస్తుంది.

చికాగోలో, డాలస్‌లో, టొరంటోలో మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో చదువుతున్నారు. వారి బడి తోటలలో కూడా ఈ మొక్క ఉండవచ్చు. సెలవులకు వచ్చినప్పుడు అడిగి చూడండి. ఇక్కడి పిల్లలకు అంత దూరం కూడా అవసరం లేదు. మన జిల్లేడు ఆ పాలకాడ మొక్కకు దగ్గరి చుట్టమే. మోనార్క్‌కు దాయాది అయిన నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి మన జిల్లేడు ఆకుల మీదనే గుడ్లు పెడుతుంది.

మా మదరసా ప్రహరీ వెంట మొలిచే జిల్లేళ్ళను ఏటా వానలకు ముందు పిల్లల చేతనే పీకించేవాళ్ళము. శుభ్రత నేర్పుతున్నామనే మా నమ్మకం. నిరుడు నాలుగు మొక్కలను వదిలివేశాము. జిల్లేడు పాలు కంటికి ప్రమాదం గనుక ఎవరూ ఆకు తుంచరాదని ముందే హెచ్చరించాము. కొన్ని వారాలకు ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగులు కనబడ్డాయి. సాయంత్రం అస్ర్ తరువాత పిల్లలు అక్కడే గుమిగూడేవారు. ఒక చిన్నవాడు, "హజ్రత్, ఇవి కూడా దూరదేశం పోతాయా?" అని అడిగాడు. ఈ కుటుంబానికే చెందిన మరికొన్ని సీతాకోకచిలుకలు వానలను బట్టి పడమటి కనుమలకూ తూర్పు మైదానాలకూ మధ్య వలస పోతాయని చెప్పాము. వాడు కొంచెం ఆలోచించి, కనుమల దగ్గర ఏ ఊళ్ళో బడి ఉందో చెప్పమన్నాడు; అక్కడి పిల్లలకు ఉత్తరం వ్రాస్తాడట. చిరునామా వెతుకుతున్నాము.